నెట్‌వర్క్ కేబుల్లో కరెంటు: స్విచ్ ముందు అడుగుతుంది, తర్వాతే ఇస్తుంది

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కెమెరా, ఆఫీసు సీలింగుకి బిగించిన వైఫై డబ్బా, రిసెప్షన్ టేబుల్ మీద ఐపీ ఫోను. వీటిలో చాలావాటికి పక్కన ప్లగ్ పాయింటు ఉండదు, అడాప్టరూ కనిపించదు. వెనక ఒకే ఒక్క నెట్‌వర్క్ కేబులు ఉంటుంది. దాని అవతలి కొస స్విచ్‌కి, అంటే ఇలాంటి కేబుళ్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ డబ్బాకి, తగిలించి ఉంటుంది. డేటా అందులోంచే, కరెంటూ అందులోంచే. దీని పూర్తి పేరు పవర్ ఓవర్ ఈథర్నెట్, కెమెరాలు బిగించేవాళ్లు మాత్రం పీఓఈ అనేస్తారు.

ఇది విన్న వెంటనే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది. ఆ స్విచ్‌లోంచి 48 వోల్టులు వస్తున్నాయి కదా, మరి కెమెరా వైరు పీకేసి అదే పోర్టుకి నా లాప్‌టాప్ తగిలిస్తే బోర్డు కాలిపోదా? కాలదు. ఎందుకు కాలదో అర్థమైతే పీఓఈలో ముప్పావు వంతు అర్థమైనట్టే, ఎందుకంటే మిగతా సాంకేతికత అంతా పాతదే, ఇందులో నిజంగా కొత్త ఆలోచన ఈ ఒక్కటే: పోర్టులో ఎప్పుడూ కరెంటు ఉండదు, అవతలి పరికరం "నాకు కావాలి" అని గుర్తు చూపించాకే స్విచ్ దాన్ని వదులుతుంది.

సన్నటి రాగి తీగల మీద మాటనీ కరెంటునీ కలిపి పంపడం మనకి తెలియనిది కాదు. ఊళ్లో కరెంటు పోయినా పాత ల్యాండ్‌లైన్ ఫోను మోగేది, గుర్తుందా? ఎక్స్ఛేంజీలో ఉన్న పెద్ద బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల డీసీ ఆ రెండు తీగల మీదే ఇంటి దాకా వచ్చేది. ఆఫీసుల్లో ఫోన్లు నెట్‌వర్క్ కేబుల్ మీదకి మారుతున్నప్పుడు, ప్రతి ఫోనుకీ ఒక అడాప్టరూ ఒక ప్లగ్గూ ఎవరు పెడతారన్న ప్రశ్న వచ్చింది. 2000లో సిస్కో తన ఐపీ ఫోన్ల కోసం సొంత పద్ధతి ఒకటి తెచ్చింది. అందరికీ పనికొచ్చే ఉమ్మడి ప్రమాణం 2003లో వచ్చింది, దాని పేరు 802.3ఏఎఫ్. వోల్టేజీ కూడా టెలిఫోన్ వాళ్ల దగ్గర నుంచే వచ్చింది, దానికి కారణాలున్నాయి, కాసేపట్లో చెప్తాను.

ముందు ఆ అడగడం సంగతి చూద్దాం. మీరు కేబుల్ గుచ్చగానే స్విచ్ పోర్టు 48 వోల్టులు పంపదు. సుమారు 3 నుంచి 10 వోల్టుల మధ్య చాలా చిన్న వోల్టేజీ పెట్టి, అవతల ఎంత రెసిస్టెన్స్ ఉందో కొలుస్తుంది. పీఓఈ తీసుకునే పరికరం లోపల 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ కావాలనే పెడతారు. 19 నుంచి 26.5 కిలో ఓమ్‌ల మధ్య కనిపిస్తే "వీడు మనవాడే" అని స్విచ్ గుర్తుపడుతుంది. మామూలు లాప్‌టాప్ పోర్టు అయితే అక్కడ 150 ఓమ్‌ల లాంటి చిన్న విలువ కనబడుతుంది, లేదంటే మధ్యలో కెపాసిటర్ ఉండి అసలు దారే దొరకదు. రెండింటిలో ఏదైనా స్విచ్ నోరు మూసుకుని కూర్చుంటుంది, డేటా మాత్రం మామూలుగా నడుస్తుంది.

ఈ కొలత ఒక్కసారితో అవదు. వేరు వేరు వోల్టేజీల దగ్గర రెండుసార్లు కొలిచి, రెండింటి మధ్య తేడా నుంచి రెసిస్టెన్స్ లెక్కగడతారు. ఎందుకంటే కెమెరా లోపల కరెంటు ఏ దిక్కు నుంచి వచ్చినా పనిచేసేలా డయోడ్ల బ్రిడ్జి ఉంటుంది, ఆ డయోడ్లు కొంత వోల్టేజీ తినేస్తాయి, ఒకే కొలత తీసుకుంటే లెక్క తప్పుతుంది. రెండు కొలతల తేడా తీసుకుంటే డయోడ్లు తిన్న భాగం రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ల్యాబులో చేసిన గ్రాఫు వాలు లెక్కే ఇది, నాకు ఈ ప్రమాణం మొత్తంలో బాగా నచ్చిన భాగం కూడా ఇదే.

గుర్తింపు అయ్యాక రెండో ప్రశ్న: ఎంత కావాలి? ఇప్పుడు స్విచ్ వోల్టేజీని 15.5 నుంచి 20.5 మధ్యకి పెంచుతుంది, పరికరం ఆ వోల్టేజీ దగ్గర ఒక నిర్ణీత కరెంటు లాగి తన తరగతి చెప్తుంది. 9 నుంచి 12 మిల్లీ ఆంపియర్లు లాగితే క్లాస్ 1, స్విచ్ 4 వాట్లు పక్కన పెడుతుంది. 17 నుంచి 20 అయితే క్లాస్ 2, 7 వాట్లు. 26 నుంచి 30 అయితే క్లాస్ 3, 15.4 వాట్లు. 36 నుంచి 44 అయితే క్లాస్ 4, 30 వాట్లు. అసలేమీ చెప్పకపోతే క్లాస్ 0, దానికీ 15.4 వాట్లే, అంటే ఎంత కావాలో చెప్పని అతిథికి పెద్ద ప్లేటే పెట్టడం అన్నమాట. ఎక్కువ వాట్ల తరగతుల్లో ఈ ప్రశ్న ఒకటికి మించి సార్లు అడుగుతారు, అన్నిసార్లు అడిగాడంటే ఈ స్విచ్‌కి అంత సత్తా ఉందన్నమాట అని పరికరం కూడా తెలుసుకుంటుంది. పరికరం పూర్తిగా లేచాక ఎల్ఎల్‌డీపీ అనే ప్రోటోకాల్ మీద పదో వంతు వాటు లెక్కన కూడా బేరం ఆడుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాకే అసలు వోల్టేజీ వస్తుంది. వచ్చాక కూడా స్విచ్ కాపలా కాస్తూనే ఉంటుంది. పరికరం కనీసం 10 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉండాలి, నిరంతరం కాకపోయినా విడతలుగా అయినా సరే. సుమారు 0.3 నుంచి 0.4 సెకను పాటు అది కనిపించకపోతే కేబుల్ పీకేశారని అర్థం చేసుకుని కరెంటు ఆపేస్తుంది. అందుకే కెమెరా వైరు లాగి మీరు లాప్‌టాప్ వెతికి తగిలించే లోపు పోర్టు ఖాళీ అయిపోయి ఉంటుంది. షార్ట్ అయినా ఆపేస్తుంది, ఒప్పుకున్న దానికంటే ఎక్కువ లాగినా ఆపేస్తుంది.

ఇక డేటా, కరెంటు ఒకే తీగల్లో ఎలా ఇముడుతున్నాయి? కేబుల్లో 4 జతలు, అంటే 8 తీగలు. 100 ఎంబీపీఎస్ వేగానికి రెండు జతలే చాలు: ఆరెంజ్, గ్రీన్. బ్లూ, బ్రౌన్ జతలు ఊరికే ఉంటాయి. కాబట్టి ఒక పద్ధతిలో బ్లూ జత మీద ప్లస్, బ్రౌన్ జత మీద మైనస్ పెట్టేస్తారు, డేటాకీ దానికీ సంబంధమే లేదు. ఇది అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది. కానీ గిగాబిట్‌లో, అంటే 1000 ఎంబీపీఎస్ వేగంలో, నాలుగు జతలూ డేటాకే కావాలి, అప్పుడు ఖాళీ తీగ ఎక్కడిది? అప్పుడు డేటా నడిచే జత మీదే కరెంటు పెట్టాలి. నిజానికి 2003 నుంచే ఈ పద్ధతీ ప్రమాణంలో ఉంది.

జతలోని రెండు తీగల మీద డేటా ఎప్పుడూ ఒకదానికొకటి వ్యతిరేకంగా వెళ్తుంది, ఒకటి పైకి వెళ్తే రెండోది కిందకి. అవతలి వైపు చూసేది ఆ రెండింటి మధ్య తేడానే. కరెంటు పెట్టేటప్పుడు జతలోని రెండు తీగల్నీ ఒకే వోల్టేజీకి లేపుతారు. గోదావరిలో నీటి మట్టం పెరిగితే పక్కపక్కన కట్టిన రెండు పడవలూ కలిసే లేస్తాయి, వాటి మధ్య ఎత్తు తేడా మాత్రం మారదు. డేటాకి కావాల్సింది ఆ తేడాయే కాబట్టి నీరు ఎంత పెరిగిందో దానికి అక్కర్లేదు. ప్రతి ఈథర్నెట్ పోర్టులోనూ ఎలాగూ ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకి సరిగ్గా మధ్యలో ఒక తీగ తీసి, అక్కడి నుంచి కరెంటు ఎక్కిస్తారు. అది రెండు సగాలుగా చీలి రెండు తీగల్లోకీ సమానంగా వెళ్తుంది. రెండు సగాలు చుట్టలో ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది.

ఇక్కడ "సమానంగా" అన్న మాట ముఖ్యం. కేబుల్ కొసకి జాక్ సరిగ్గా క్రింప్ చేయక, అంటే నొక్కి బిగించక, ఒక తీగ గట్టిగా, దాని జత తీగ లూజుగా ఉంటే చీలిక సమానంగా జరగదు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒక పక్కకి లాగేసినట్టయి డేటాలో తప్పులు మొదలవుతాయి. అడాప్టర్ పెట్టి నడిపితే బాగానే ఉన్న లింకు, పీఓఈ మీదకి మార్చగానే తెగుతూ అతుకుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది జాకులనే. స్విచ్ మార్చేయడం, కెమెరా వాపసు చేయడం తర్వాతి మాట.

ఇప్పుడు 48 వోల్టుల సంగతి. వోల్టేజీ నాలుగు రెట్లు పెంచితే అదే వాట్లకి కరెంటు నాలుగో వంతు అవుతుంది, తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతు అవుతుంది. 6 వాట్ల కెమెరా ఉందనుకోండి, 100 మీటర్ల కేబులు, రెండు జతల మీద రానూపోనూ 12.5 ఓమ్‌లు. 12 వోల్టులు పంపితే సగం ఆంపియరు కావాలి, దారిలోనే 6.25 వోల్టులు పోతాయి, కెమెరా దగ్గరికి 6 కూడా మిగలవు, అది లేవదు. అదే 48 వోల్టులైతే దారిలో పోయేది సుమారు 1.6 వోల్టులే. మరి 100 వోల్టులు పెట్టేయొచ్చు కదా అంటే, డీసీలో 60 వోల్టులు దాటితే భద్రతా నిబంధనల దృష్టిలో అది వేరే రకం వైరింగ్ అయిపోతుంది. కేబుళ్లు లాగేవాడు ఎలక్ట్రీషియన్ కానక్కర్లేదు అనే సౌకర్యం పోతుంది. అందుకే పీఓఈ 57 వోల్టుల దగ్గర ఆగిపోయింది. ప్రతి పోర్టుకీ గరిష్ఠంగా 90 వాట్ల దగ్గర ఆగడానికీ ఇలాంటి కారణమే, 100 వాట్లు దాటితే నిబంధనలు మారిపోతాయి.

స్విచ్ డబ్బా మీద 15.4, కెమెరా స్పెసిఫికేషన్‌లో 12.95 అని ఉంటుంది చూశారా, ఆ వింత అంకెలు ఎవరో గాల్లోంచి తీసినవి కావు. 2003 నాటికి చాలా భవనాల్లో పాత కేటగిరీ 3 కేబుళ్లుండేవి, వాటిని కూడా లెక్కలోకి తీసుకుని 100 మీటర్లకి రానూపోనూ 20 ఓమ్‌లు అనుకున్నారు. కరెంటు పరిమితి 0.35 ఆంపియర్లు, స్విచ్ ఇవ్వాల్సిన కనీస వోల్టేజీ 44. 44ని 0.35తో గుణిస్తే 15.4 వాట్లు. దారిలో 7 వోల్టులు పోగా మిగిలేది 37, దాన్ని 0.35తో గుణిస్తే 12.95. అంతే. 2009లో వచ్చిన 802.3ఏటీ, అంటే పీఓఈ ప్లస్, కేటగిరీ 5 కేబుల్ ఉంటుందనుకుని 12.5 ఓమ్‌లు, 0.6 ఆంపియర్లు, 50 వోల్టులు తీసుకుంది: స్విచ్ దగ్గర 30 వాట్లు, అవతల 25.5. 2018లో వచ్చిన 802.3బీటీ నాలుగు జతల్నీ కరెంటుకి వాడుకుంది, కాబట్టి రెసిస్టెన్స్ సగమై 6.25 ఓమ్‌లు అయింది. అందులో ఒక రకం 60 వాట్లు ఇస్తే 51 చేరతాయి, ఇంకో రకం 90 ఇస్తే 71.3 చేరతాయి. ఆ 90లో 18.7 వాట్లు కేబుల్లోనే వేడిగా పోతాయి, ఒక ఎల్ఈడీ ట్యూబులైటు వెలిగేంత. అయితే ఇది చివరి మీటరు దాకా సాగదీసిన, అన్నీ కలిసిరాని పరిస్థితికి వేసిన లెక్క. 20 మీటర్ల వైరింగులో నష్టం ఇందులో ఐదో వంతు కూడా ఉండదు.

ఇక మన బజారు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చాక జనం గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, హోటళ్లలో కెమెరాలు పెట్టాల్సి వచ్చింది, తర్వాత కాలనీలూ అపార్ట్‌మెంట్లూ అదే దారి పట్టాయి, దాంతో కెమెరా సామాన్ల బజారు బాగా పెరిగింది. పీఓఈ అని రాసిన ప్రతి డబ్బాలోనూ పైన చెప్పిన అడగడం ఉండదు. "పాసివ్ పీఓఈ" అనేది ఒకటుంది. దీనికి ప్రశ్నల్లేవు, జవాబుల్లేవు, ప్లగ్ పెట్టగానే బ్లూ, బ్రౌన్ జతల మీద 24 వోల్టులో, 12 వోల్టులో, ఒక్కోసారి 48 వోల్టులో అలా ఉండిపోతాయి. డాబాల మీద ఇంటర్నెట్ కోసం పెట్టే వైర్‌లెస్ రేడియోల్లో 24 వోల్టుల పాసివ్ చాలా మామూలు, ఆ కంపెనీ అడాప్టరు ఆ కంపెనీ రేడియోకే వాడితే ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఎవరో ఆ అడాప్టర్ పక్కన పెట్టి వెళ్తారు, ఇంకెవరో "పీఓఈ అనే కదా రాసుంది" అని దానికి వేరే పరికరం తగిలిస్తారు. లాప్‌టాప్ కాలదని పైన నేను చెప్పిన హామీ ప్రమాణం పాటించే స్విచ్‌కే, దీనికి కాదు. కొనేటప్పుడు 802.3 తర్వాత ఏఎఫ్, ఏటీ, బీటీ అక్షరాల్లో ఏవైనా రాసున్నాయా అని చూడండి. 48 వోల్టులు అని మాత్రమే రాసి ఊరుకుంటే నేనైతే కొనను.

రెండోది కేబులు. తక్కువ ధరకి దొరికే చాలా కేబుళ్లలో తీగ నిజమైన రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటారు. చివర కత్తితో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది, కట్ట చేత్తో ఎత్తితేనే తేలిగ్గా ఉంటుంది. రెసిస్టెన్స్ రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. నిజం చెప్పాలంటే 48 వోల్టుల మీద 5 వాట్ల కెమెరా ఈ తీగతో కూడా చాలాచోట్ల నడిచిపోతుంది, అందుకే షాపువాడు "ఏం కాదు సార్, అందరికీ ఇదే వేస్తున్నాం" అని ధైర్యంగా చెప్పగలుగుతాడు. తేడా తెలిసేది తిరిగే కెమెరాల్లాంటి ఎక్కువ వాట్ల పరికరాలు పెట్టినప్పుడూ, జాకు దగ్గర అల్యూమినియం పెళుసుగా విరిగినప్పుడూ, ఏళ్లు గడిచి ఆ కొసల్లో తుప్పు పట్టినప్పుడూ. గోడలో పూడ్చేసిన కేబుల్ని మార్చడం ఎంత పనో తెలిసినవాళ్లు ఆ కాస్త ధర తేడా దగ్గర బేరమాడరు.

మూడోది అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది: పగలంతా బాగా నడిచిన కెమెరాలు చీకటి పడగానే ఒకటో రెండో ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగుతూ ఉండటం. దీనికి దెయ్యాలు అక్కర్లేదు, కూడిక చాలు. రాత్రి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, పగలు 5 వాట్లు తీసుకునేది రాత్రి 9 తీసుకుంటుంది అనుకుందాం. 8 కెమెరాలకి పగలు 40, రాత్రి 72. స్విచ్ డబ్బా మీద 8 పోర్టులు, ఒక్కో పోర్టుకి 30 వాట్ల దాకా అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మొత్తం అన్ని పోర్టులకీ కలిపి 60 వాట్లు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 60 దాటగానే స్విచ్ ఏదో ఒక పోర్టు ఆపేస్తుంది, సాధారణంగా ప్రాధాన్యం తక్కువున్న చివరి పోర్టుని. కాసేపటికి మళ్లీ గుర్తింపు, మళ్లీ క్లాసు, కెమెరా లైట్లు లేకుండా లేస్తుంది కాబట్టి సరిపోతుంది, లైట్లు వెలిగించగానే మళ్లీ 60 దాటుతుంది. తెల్లవారే దాకా ఇదే తంతు. కొన్ని స్విచ్‌లు అయితే వాడకం చూడకుండా క్లాసు ప్రకారమే పక్కన పెట్టేస్తాయి. క్లాస్ 3 కెమెరా నిజంగా 5 వాట్లే తింటున్నా 15.4 రాసేసుకుంటాయి, ఆ లెక్కన 60 వాట్ల స్విచ్‌లో నాలుగో కెమెరాకే చోటు చాలదు. కాబట్టి పోర్టుల సంఖ్య చూసి కొనకూడదు, మొత్తం వాట్లు చూసి కొనాలి. కెమెరా స్పెసిఫికేషన్‌లో ఉండే గరిష్ఠ వాట్లని సంఖ్యతో గుణించి, పైన కొంత మిగులు పెట్టుకోవాలి.

ఎండ సంగతీ ఉంది. రాగి వేడెక్కితే ప్రతి 10 డిగ్రీలకి రెసిస్టెన్స్ దాదాపు 4 శాతం పెరుగుతుంది, డేటా బలహీనపడటమూ పెరుగుతుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం డాబా మీద నల్ల పైపులో పడుకున్న కేబులు ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. కెమెరాలకి ఇది పెద్ద లెక్క కాదు, 60, 90 వాట్లు మోసే కేబుళ్లని పదుల సంఖ్యలో ఒకే కట్టగా బిగించి కట్టే ఆఫీసుల్లో మాత్రం కట్ట నడిమిలోని కేబుల్ వేడి బయటికి పోలేదు, అక్కడ కట్టలు చిన్నవి చేయాలి. ఇంకో సంగతి, ఎక్కువ వాట్లు నడుస్తుండగా జాక్ పీకితే పిన్ను కొస దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది, మాటిమాటికీ చేస్తే పిన్ను మీది పూత దెబ్బతింటుంది. ముందు స్విచ్ సెట్టింగులో పోర్టుకి కరెంటు ఆపి తర్వాత పీకడం మంచి అలవాటు.

పిడుగుల విషయంలో పీఓఈ కొంచెం కీడే చేస్తుంది. డాబా మీద కెమెరా నుంచి మీ ఇంట్లో స్విచ్ దాకా రాగి దారి ఒకటి తయారవుతుంది, దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగలో పుట్టే ఉప్పెన లాంటి వోల్టేజీ ఒక్క కెమెరాతో ఆగకుండా స్విచ్‌నీ రికార్డర్‌నీ కూడా తీసుకుపోవచ్చు. బయటి కేబుళ్లకి పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దానికి నిజమైన ఎర్తింగ్ ఇవ్వాలి. ఎర్త్ లేని సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే.

అయినా సరే, మన దగ్గర పీఓఈ వాడటానికి నేను చెప్పే మొదటి కారణం ప్లగ్ పాయింట్లు మిగలడం కాదు, కరెంటు కోతలు. ఒక్కో కెమెరాకి ఒక్కో అడాప్టర్ ఉంటే ప్రతి చోటా బ్యాకప్ పెట్టడం ఎవరి వల్లా కాదు. పీఓఈలో స్విచ్‌నీ రికార్డర్‌నీ ఒక్క యూపీఎస్ మీద పెడితే గేటు కెమెరా దాకా అన్నీ నడుస్తాయి. పాత ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీ బ్యాటరీలు చేసిన పని ఇదే.

దూరం గురించి ఒక మాట చెప్పి ఆపుతాను. కొన్ని సీసీటీవీ స్విచ్‌ల మీద "ఎక్స్‌టెండ్" అని ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే 250 మీటర్లు వస్తుందంటారు. అబద్ధం కాదు గానీ, దాని వెనక జరిగేది ఏంటంటే డేటా వేగం 10 ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది, కేబుల్ రెసిస్టెన్స్ మాత్రం 100 మీటర్లకి ఉండే దానికి రెండున్నర రెట్లే ఉంటుంది, దాన్ని ఏ మీటా తగ్గించలేదు. మంచి రాగి కేబుల్ మీద ఒక మామూలు కెమెరాకి ఇది సరిపోతుంది. తిరిగే కెమెరాకో, నాలుగు కెమెరాలున్న ఇంకో చిన్న స్విచ్‌కో సరిపోదు. పొలం గట్టు మీదో, ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గరో అలాంటివి పెట్టాలంటే అక్కడి దాకా ఫైబర్ లాగి, ఆ చివర కరెంటు ఉన్న చోట ఇంకో పీఓఈ స్విచ్ పెట్టుకోవడమే మేలు.